తద్దినం నాటి తూము

భోక్తలు రావడానికి ఇంకా గంటన్నర ఉంది. పెరట్లో నీళ్ళు మాత్రం చీలమండల దాకా నిలబడి, కదలమంటే కదలమంటున్నాయి.

ప్రసూనాంబ మడిచీరతో వంటింటి గుమ్మంలో నిలబడి ఆ నీళ్ళకేసి చూస్తోంది. గంజి, బూడిద, కొబ్బరిపీచు, నిన్న ఇల్లంతా కడిగిన మురికి, అన్నీ కలిసి గోడలోని తూములో బిగదన్నుకున్నాయి. ఇంట్లో వాడిన నీళ్ళన్నీ ఆ తూములోంచి వీధికాలవలో పడాలి. సరిగ్గా ఈ పూటే దానికి మొండికెయ్యాలని బుద్ధి పుట్టింది. భోక్తల కాళ్ళు కడగవలసింది ఆ గచ్చుమీదే. మురికి తొక్కుకుంటూ వచ్చి కూచోమని, రామతీర్థం నించి బస్సులో వచ్చే బ్రాహ్మలకి ఎవరు చెబుతారు?

మామగారు లక్ష్మీనరసింహంగారు విజయనగరంలో పేరున్న ఫిడేలు పంతులు. పోయి ఆరేళ్ళయింది. ఆయన బతికుండగా కోడలిని పన్నెత్తి ఒక మాట అని ఎరగడు. ఆయన తద్దినం మాత్రం ఆమెకి ప్రాణసంకటమైంది.

పోయినేడు మాఘంలో తద్దినం నాడు ఏం జరిగిందంటే, ప్రసూనాంబ రెండేళ్ళ కొడుకు ఆకలికి ఏడ్చుకుంటూ వచ్చి, అన్నం వారుస్తున్న తల్లి కాళ్ళు చుట్టేసుకున్నాడు. మడి పోయింది. వంట మళ్ళీ మొదటికొచ్చింది. పొద్దు వాలాక భోక్తలు నాలుగు మెతుకులు కతికి, బస్సు వెళ్ళిపోతుందని లేచిపోయారు. చైత్రంలో పిల్లాడికి తట్టు పోసింది. ఐదోరోజుకి వాడు లేడు.

అప్పుడు అత్తగారు శ్యామలాంబ ఒక్క మాట అంది. "పితృదేవతలు ఆకలితో వెళ్ళిన ఇంట్లో ఇంకేం జరుగుతుంది!" ఆ తరవాత మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తవలసిన పనీ లేకపోయింది. ఆ మాట ప్రసూనాంబ కడుపులో దిగబడిపోయింది. రాత్రీ పగలూ అక్కడే ఉండేది.

ఇక మిగిలింది కూతురు చిన్నతల్లి. దానికి ఐదేళ్ళు. నాలుగురోజులుగా దగ్గుతోంది, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. తద్దినం ఏ లోపమూ లేకుండా జరిగితే పిల్ల దక్కుతుంది, చెడితే అదీ పోతుంది. ప్రసూనాంబకి అంతే తెలుసు. అందుకే తెల్లారకముందే పిల్లని పక్కింట్లో దిగబెట్టి, "నేను పిలిచేదాకా ఇటు రాకు" అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

పెరటితలుపు అవతల చప్పుడైంది.

"అమ్మగోరూ! నానే అమ్మా, జగ్గమ్మని."

పదిహేను రోజులకోసారి వచ్చి, బెత్తం పెట్టి తూము లాగి పోయే మనిషి. తెల్లవారి వీధిలో వెళ్తూ కాలవ ఎండి ఉండటం చూసి తనంతట తనే వచ్చింది. అప్పటికే వీధివైపు నించి బెత్తం పెట్టి చూసింది. గోడ మధ్యలో తూముకి ఒక వంపు ఉంది, అది దాటి బెత్తం వెళ్ళలేదు.

"ఇటు నించి అందట్లేదమ్మా. ఒక్క పాలి తలుపు తియ్యండి, నిమిసంలో లాగేస్తాను."

"ఇవాళ కాదు జగ్గమ్మా. బ్రాహ్మలు తిని వెళ్ళాక రా."

"ఆలొచ్చీ ఏలకి ఇలగే ఉంటే, కాల్లెక్కడ కడుగుతారమ్మా?"

న్యాయమైన ప్రశ్నే. ఏడాది పొడుగునా ఆ తూము బాగోగులు జగ్గమ్మవి. ఆ ఒక్కరోజూ మాత్రం ఆవిడ గడప దాటకూడదు. ఎందుకని అడిగితే ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేరు. అడిగినవాళ్ళూ లేరు లెండి.

"నేనేదో చూసుకుంటాలే" అంది ప్రసూనాంబ.

వెదురుబద్ద పెట్టి పొడిచింది. బద్ద విరిగింది. అప్పుడు గుర్తొచ్చింది కాస్టిక్ సోడా డబ్బా. మహిళామండలిలో సబ్బు వండటం నేర్చుకుని, కొబ్బరినూనెతో ఇంట్లోనే చేసుకుందామని తెప్పించింది. ఆ సోడా జిడ్డునీ పీచునీ తినేస్తుందనీ, తూముల్లో పోస్తారనీ కొట్టువాడే చెప్పాడు. వంటింటి గోడ వెంట ఎత్తుగా సన్నటి తిన్నె ఒకటి పెరటితలుపు దాకా ఉంది. తూము నోరు ఆ తలుపు పక్కనే. తిన్నెమీద నడిస్తే మురికి అంటకుండా వెళ్ళొచ్చు.

సబ్బు నేర్పిన పంతులమ్మ పదేపదే చెప్పింది. చన్నీళ్ళలో కొంచెం కొంచెంగా వెయ్యాలి, వేణ్ణీళ్ళ జోలికి పోకూడదు, మొహం దూరంగా పెట్టుకోవాలి. ప్రసూనాంబకి అదంతా గుర్తుంది. కానీ కొంచెం కొంచెంగా చెయ్యడానికి వ్యవధి ఏదీ? డబ్బా మొత్తం తూములో బోర్లించింది. నీళ్ళు ఒక గుటక వేసి ఊరుకున్నాయి. లోపల పొయ్యిమీద గంగాళంలో నీళ్ళు సలసల మరుగుతున్నాయి. చెంబు ముంచుకొచ్చి, తిన్నెమీద మోకాళ్ళమీద కూచుని ఆ నీళ్ళు పోసింది. తండ్రీ, కదులు, కదులు అనుకుంటూ, కదిలిందో లేదో చూద్దామని వంగింది.

తూము ఒక్కసారిగా మొహంమీదికి కక్కింది.

నిప్పులు పోసినట్టయింది. రెండు కళ్ళలోనూ. ఆమె అరిచిన అరుపు తనకే ఎవరిదో అనిపించింది. చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఇంటికి ఆ చివర వీధివసారాలో భర్త చంద్రశేఖరం పిండాల ఏర్పాట్లలో ఉన్నాడు. అతను వింటే వస్తాడు, వస్తే అన్నీ చెడతాయి.

"ఏటైనాది? అమ్మా! ఏటి పోసినారు?"

"సబ్బు... సబ్బు సోడా."

"కల్లల్లో పడ్డాదా? ఓలమ్మో! తలుపు తియ్యండి! నీల్లు కొట్టాల, ఎంటనే కొట్టాల!"

"వద్దు! రాకు!"

తడుముకుంటూ తలుపు దగ్గరికి జరిగి, వీపు ఆనించి కూచుంది. గడియ ఉండనే ఉంది. అయినా చాలదనిపించింది. కొంగుతో కళ్ళు నులుముకుంటే మంట ఇంకా లోపలికి పోతోంది. నుయ్యి పెరటికి ఆ చివర, మురికినీళ్ళకి అవతల. వంటింట్లో బిందెలనిండా నీళ్ళున్నాయి, అవి మడినీళ్ళు, భోక్తలవి. అవి ముట్టుకుంటే మళ్ళీ ఎవరు తోడతారు, మళ్ళీ ఎవరు వండుతారు? తలుపు వెనక నించి జగ్గమ్మ రెండు చేతులా బాదుతోంది.

"మా మావ సోవులుకి ఇలగే అయినాదమ్మా! సున్నం డిపోలో తడిపిన సున్నం పేలిపోనాది. అందరూ కూడి నూని రాసినారు, నీల్లు ఎవలూ కొట్టనేదు. కన్ను ఉడికిపోనాది. మీ కాల్లు మొక్కుతాను, తలుపొదలండి!"

"నా పిల్ల చచ్చిపోతుంది జగ్గమ్మా. నువ్వొస్తే నా పిల్ల చచ్చిపోతుంది."

ఏం మాట్లాడుతోందో జగ్గమ్మకి అర్థం కాలేదు. ఆ అలికిడికి శ్యామలాంబ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పెరటినిండా మురికినీళ్ళు, అవతల తలుపుకి జేరబడి కోడలు. ముసలామె ఒక కాలు తిన్నెమీద పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఏమైందే ప్రసూనా? కళ్ళలో ఏం పడింది? నెయ్యి తేనా?"

"నెయ్యొద్దు!" అని గోడ అవతల నించి కేక వినిపించింది. "నెయ్యి ఎట్టకండి ముసలమ్మగోరూ!"

శ్యామలాంబ ఆ గుమ్మంలోనే ఉండిపోయింది. ఎవరూ ఎవరి దగ్గరికీ పోలేదు. ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు, నూతినిండా నీళ్ళు, అయినా ఒక్క చుక్క ఆ కళ్ళలో పడలేదు. ఎంతసేపలా గడిచిందో ప్రసూనాంబకి తెలీదు. పిల్ల దగ్గు వినిపిస్తుందేమోనని పక్కింటివైపు చెవి పెట్టి, మంటకి కాళ్ళు నేలకేసి తన్నుకుంటోంది.

జగ్గమ్మ ఇక అడగడం మానేసింది. గోడమీది పెంకులు విరిగి పడ్డ చప్పుడైంది. ఆ వెనకే మురికినీళ్ళలో దభేలున మనిషి దూకిన చప్పుడు. నూతి గిలక గిర్రున తిరిగింది. బరువైన చెయ్యి ఒకటి ప్రసూనాంబ జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచింది, రెండు వేళ్ళు కుడికన్ను రెప్పలు విడదీశాయి. చల్లటి నీళ్ళు పడ్డాయి. ప్రసూనాంబ గోళ్ళతో రక్కింది, తిట్టింది, ఆఖరికి ఏడుస్తూ ఊరుకుంది. జగ్గమ్మ నూతికీ తిన్నెకీ మధ్య పరుగెడుతూ, తోడుతూ, పోస్తూ, "ఇప్పండమ్మా, కన్నిప్పండి, నా తల్లి కదూ" అంటూనే ఉంది. తరవాత ఎడమకన్ను. అది విప్పడానికి చాలా సేపు పట్టింది.

ఆ గోలకి చంద్రశేఖరం తడిపంచెతో పరుగెత్తుకొచ్చి అదంతా చూశాడు. మురికినీళ్ళు తొక్కుకుంటూ వచ్చి, భార్యని రెండు చేతులా ఎత్తుకుని వీధిలోకి నడిచి, రిక్షా ఎక్కించాడు. అప్పుడే వచ్చిన భోక్తలు రిక్షాకి దారిచ్చి, కాసేపు గుసగుసలాడుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

ఆస్పత్రిలో పద్నాలుగు రోజులు కట్లు ఉంచారు. రోజూ పొద్దున్న మొగుడి అడుగుల చప్పుడు వినగానే ప్రసూనాంబ ఒక్కటే అడిగేది. "పిల్లకి జ్వరం వచ్చిందా?" లేదనేవాడు. నమ్మేది కాదు. చిన్నతల్లిని తీసుకొస్తే దాని నుదురు, మెడ, పొట్ట చేత్తో తడిమి చూసుకునేది. దగ్గు మూడోరోజుకే తగ్గిపోయింది. పిల్ల చల్లగా, చెమట వాసనతో, బెల్లం తిన్న నోటితో ఉండేది. అయినా ప్రసూనాంబ భయం తగ్గలేదు. తట్టు రావడానికి రెండు నెలలు పట్టింది కదా అని లెక్క వేసుకునేది.

పదిహేనోరోజున డాక్టరుగారు కట్లు విప్పారు. కుడికంటికి ముందు వెలుతురు, తరవాత కిటికీ, ఆ తరవాత చిన్నతల్లి మొహం కనబడ్డాయి. ఎడమకంటికి ఏమీ లేదు. పాలమీగడ కప్పినట్టు ఒకటే తెలుపు.

"ఇది దక్కింది. అది రాదమ్మా" అన్నారు డాక్టరుగారు. "వెంటనే నీళ్ళతో కడిగుంటే రెండూ దక్కేవి. ఇంట్లో నుయ్యుందంటున్నారు, మనుషులున్నారంటున్నారు. ఏం చేస్తున్నారు అంతసేపూ?"



"నేనే తలుపు తియ్యలేదండీ" అంది ప్రసూనాంబ.

డాక్టరుగారు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. మంచం కాళ్ళవైపు ముసుగు సవరించుకుంటూ కూచున్న శ్యామలాంబ లేచి దగ్గరికి వచ్చింది. ఈ పద్నాలుగు రోజుల్లో ఆమె కోడలితో నాలుగు మాటలైనా మాట్లాడలేదు. ఇప్పుడు మంచంపట్టీ పట్టుకుని నోరు విప్పింది.

"పిల్లాడు తట్టొచ్చి పోయాడే. ఆ నెలలో మన వీధిలోనే ముగ్గురు పిల్లలు పోయారు. వాళ్ళిళ్ళల్లో ఏ తద్దినాలు చెడ్డాయి? నాకప్పుడే తెలుసు ప్రసూనా. వాడు పోయిన దుఃఖం ఎవరిమీదో ఒకరిమీద పెట్టకపోతే పిచ్చెక్కేలా ఉండి అన్నాను. అది నిజం కాదే."

ప్రసూనాంబ చిన్నతల్లిని దగ్గరికి లాక్కుంది. పిల్ల తల నిమురుతూ, ఉన్న ఒక్క కంటితో అత్తగారికేసి చూసింది. ఆమెకి కోపం కూడా రాలేదు.

"ఈ మాట అప్పుడే చెప్పుంటే తలుపు తీసేదాన్ని కదా అత్తయ్యా" అంది.