మూత తీసిన ఇంజన్

పుంగనూరు దాటగానే ధనుంజయ పాత అంబాసిడర్ కారులో ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. అతను వెంటనే ఇంజన్ ఆపేశాడు. కారును ట్రాక్టర్‌కి కట్టి లాగించి, భార్య యమునతో సహా మదనపల్లె షెడ్డుకి చేరాడు.

మెకానిక్ వెంకటప్ప ముందు లైటునే అనుమానించాడు. ఇంజన్‌కు బిగించి ఉన్న, ఆ లైటును వెలిగించే స్విచ్ విప్పి, ఆ చోట ప్రెషర్ మీటర్ బిగించి స్టార్ట్ చేయించాడు. ముల్లు కదల్లేదు.

"ఆపప్పా, ఆపు! స్విచ్ బాగానే ఉండాది. ఆయిలే పైకి ఎక్కలేదు."

ఇంజన్ అడుగునున్న ఆయిల్ చాంబర్ విప్పితే, లోపలి జల్లెడ నిండా నల్లటి మడ్డి పేరుకుని ఉంది. వెంకటప్ప దాన్ని శుభ్రంగా కడిగి బిగించి, కొత్త ఆయిల్ పోశాడు. ఈసారి ఆయిల్ పైదాకా ఎక్కేది కనబడేట్టు ఇంజన్ పైమూత కూడా తీసిపెట్టాడు.

"ఇప్పుడు సూడమ్మా."

ఇంజన్ అందుకుంది. మీటర్ ముల్లు లేచింది. యమున మాత్రం ముల్లును చూడలేదు. టకటకా ఎగిరిపడుతున్న ఇనుప ముక్కల సందుల్లోంచి తేనె రంగు ఆయిల్ ఊరి, ఎండలో మెరుస్తూ ఒక్కొక్కదాన్నీ తడుపుతోంది.

"ఇన్నేండ్లూ లోపల ఇట్లా జరగతానే ఉండిందా?" అంది మెల్లగా.

ధనుంజయ సీటు దిగి వచ్చి, రోజూ తోలే కారు ముందు కొత్తవాడిలా నిలబడిపోయాడు.

వెంకటప్ప మూత అందుకోబోతే యమున ఆపింది.

"కొంచేపు ఉండప్పా. ఇంకా సూస్తాండాను."