మండని చేతులు

సామ్రాజ్యం టీచర్‌ని స్కూలు నుంచి పంపించేసిన పొద్దున ఆమెను ముందుగా చూసింది మిరపకాయ కోతకు పోయే ఆడవాళ్లే. రోజూ చీరాల బస్సు దిగే మనిషి, ఆ రోజు చీరాల పోయే బస్సు కోసం నిలబడి ఉంది. కాళ్ల దగ్గర అట్టపెట్టె. అందులోంచి మైక్రోస్కోపు మెడ బయటికి కనిపిస్తోంది. అది ఆమె సొంతానికి కొనుక్కుని పిల్లల కోసం తెచ్చి పెట్టిన వస్తువు.

ఇంకో కూలి మనిషిని ఎక్కించుకోడానికి ఆటో సరిగ్గా అక్కడే ఆగింది. లోపల ముఠా అంతా ఉంది. టీచర్ మీద పెట్టిన అర్జీలో అందరి సంతకాలూ ఉన్నాయి. ముఠా మేస్త్రి మహిమ సంతకం అందరికన్నా పైన ఉంది.

"కాయ ఎట్లా ఉంది మహిమా ఈ ఏడు?" అని టీచరే పలకరించింది.

"ఉందండి," అంది మహిమ తల ఎత్తకుండా.

టీచర్ పెట్టెలోంచి అట్ట ఊడిన పాత జీవశాస్త్రం పుస్తకం తీసి ఆమె ఒళ్లో పెట్టింది. "షారోన్‌కి ఇవ్వు. పబ్లిక్ పరీక్షలు దగ్గరికొచ్చాయి. చదవడం మానొద్దని చెప్పు."

ఆటో కదిలింది. మహిమ వెనక్కి తిరిగి చూడలేదు. చూసే ఓపిక కూడా లేదు. నవంబరు నుంచి కోతలే. పగలంతా నడుము వంచి కోయడం, ఇంటికొచ్చి అన్నం వండడం, పడుకోవడం. ఆ అర్జీ మీద సంతకం చేసిన ఆదివారం కూడా ఇలాగే ఉంది ఆమెకు. చర్చిలో ప్రార్థన అయిపోయింది, సంఘ పెద్ద యేసుపాదం కాగితం చాపాడు, త్వరగా ఇంటికి పోయి నడుం వాలుద్దామని సంతకం చేసింది.

అసలు జరిగింది ఇది. పదో తరగతికి కొత్త పుస్తకాలు వచ్చాయి. భూమ్మీద జీవం ఎలా మారుతూ వచ్చిందో చెప్పే పాఠం వాటిలో లేదు. పిల్లలకు భారం తగ్గించామన్నారు పైవాళ్లు. టీచర్ పాత పుస్తకం తెచ్చి ఆ పాఠం కూడా చెప్పింది. అంతకుముందే ఒకసారి పిల్లల వేళ్లు సూదితో పొడిచి రక్తం గ్రూపులు చూపించింది. పెద్దరైతు భావనారాయణ మనవడు సాయిగణేష్‌దీ, ఊరికి ఎడంగా పల్లెలో ఉండే మహిమ కూతురు షారోన్‌దీ ఒకటే గ్రూపని తేలింది. సాయిగణేష్ ఆ మాట ఇంటికి పోయి నవ్వుతూ చెప్పాడు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఊళ్లో సగం మిరప భావనారాయణదే. స్కూలు కమిటీలో ఆయనకు పదవి లేదు, కానీ ఆయన్ని అడక్కుండా అక్కడ గంట కూడా కొట్టరు. ఆయన రక్తం మాట ఎక్కడా ఎత్తలేదు. ఊళ్లోవాళ్లతో, మన దేవుళ్లను కోతుల్లో కలుపుతోంది ఈమె, అన్నాడు. పొలం గట్టు మీద యేసుపాదాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, మీ బైబిలు అబద్ధమని పిల్లలకు చెబుతోందయ్యా, అన్నాడు. భావనారాయణ తన పక్కన కూర్చోబెట్టుకోవడం యేసుపాదానికి అదే మొదటిసారి. ఊరిదీ పల్లెదీ రెండు అర్జీలూ కలిసి పై ఆఫీసుకు పోయాయి. టీచర్‌ని వేరే మండలానికి వేశారు.

ఆమె పోయాక శనివారాల్లో కొత్త తరగతి మొదలైంది. దాని పేరు వారసత్వ విజ్ఞానం. ఎవరో బయటి మనిషి కారులో వస్తాడు. క్లాసులో పెద్ద తెర మీద ముందు నాయకుల బొమ్మలు, తర్వాత పాట, తర్వాత విజ్ఞానం. హెచ్చెమ్ గారు వెనక బెంచీలో కూర్చుని ఫోను చూసుకుంటాడు.

రెండో శనివారం సాయంత్రం షారోన్ ఇంటికొచ్చేసరికి మహిమ గుమ్మంలో కూర్చుని ఉంది. చేతులు రెండూ గంజిగిన్నెలో ముంచి పెట్టుకుంది.

"అమ్మా, చేతులు చూపించు."

"ఎందుకే?"

"మండుతున్నాయా?"

"మండక? గంజిలో ఎందుకు పెట్టుకున్నాననుకున్నావు, మెత్తబడతాయనా?"

షారోన్ పక్కన కూర్చుంది. "మండవంట. ఆ సార్ చెప్పాడు. తరతరాలుగా కోసి కోసి మనోళ్ల చేతులు అట్లా తయారయ్యాయంట. పుట్టుకతోనే వచ్చిద్దంట. వంశపారంపర్యమంట. కొందరికి చదువు అట్లాగే వచ్చిద్దంట, మనకి ఇది వచ్చిద్దంట."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలా. క్లాసంతా నా చేతుల వంకే చూస్తన్నారు. బెంచీ కింద పెట్టుకున్నా."

ఈ పిల్ల చంటిబిడ్డగా ఉన్నప్పుడు కూడా కోతలే. అత్త బిడ్డను ఎత్తి పట్టుకుంటే, మహిమ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని పాలిచ్చేది. ఒక్కసారి మరిచిపోయి బిడ్డ చెంప తుడిచింది. ఆ ఏడుపు ఈనాటికీ చెవుల్లో ఉంది. ఆ సంగతి కూతురికి చెబుదామనుకుంది. చెప్పకుండానే లేచి, గూట్లోంచి పాత పుస్తకం తీసి షారోన్ ముందు పెట్టింది. ఇన్నాళ్లూ దాన్ని ఇవ్వలేదు. ఇస్తే, ఎవరిచ్చారని అడుగుతుంది. టీచరని చెబితే, టీచర్ ఎందుకు వెళ్లిపోయిందని అడుగుతుంది.

షారోన్ అడగనే అడిగింది. మహిమ దాచకుండా చెప్పింది.

తర్వాతి పనిరోజు చేలో ఈ మాటే నడిచింది. సాళ్లలో వంగి కోస్తూనే ఒకరికొకరు చెప్పుకున్నారు.

"నా చేతులకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదే," అంది మౌలాబీ. ముఠాలో నోరున్న మనిషి ఆమె. "తెల్లార్లూ మండుతానే ఉన్నాయి. వాటికీ శనివారం క్లాసు పెట్టించండే."

నవ్వారు. నవ్వి నడుములు పట్టుకున్నారు. ఒక ముసలామె మాత్రం, ఎవరేమంటే మనకేం, కాయ కోస్తే కూలి, వాళ్ల పాఠాలు వాళ్లు చెప్పుకుంటారు, అంది. ఇంకొకామె, పెద్దాయనతో పెట్టుకుంటే రేపు మన ముఠాను మానిపించి కర్నూలు వైపు కూలీలను దింపుతాడు, అంది. రెండూ నిజాలే. మహిమ కాదనలేదు.

"మన పిల్లలకు అట్లా చెప్పకుండా అడ్డం నిలబడ్డ మనిషి ఒకతే," అంది. "ఆమెను మనమే పంపించాం. సంతకం పెట్టి మరీ పంపించాం."

మౌలాబీ తను కోసిన కాయ తీసుకుపోయి గోనెపట్టాలో గుమ్మరించి వచ్చింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక మహిమ ఎవర్నీ కదలనివ్వలేదు. చర్చి వరండాలో వాదన మధ్యాహ్నం దాకా సాగింది. మౌలాబీ కూడా వచ్చి మెట్ల మీద కూర్చుంది. మనల్ని వాడుకున్నారని కొందరన్నారు. మనం వాడుకోనిచ్చామని కొందరన్నారు. యేసుపాదం మహిమకు బావగారు వరస. ఊళ్లో ఇంత గౌరవంగా తనను పిలిచినవాళ్లు మోసం చేశారంటే ఆయనకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

"ఆ కోతి పాఠం మాత్రం నేనొప్పుకోనమ్మా," అన్నాడు.

"ఒప్పుకోమని ఎవరన్నారు బావగారూ? ఆమె నమ్మమని అడగలా. చూసి చెప్పండర్రా అంది పిల్లలతో. సూది గుచ్చి చూపించింది, భూతద్దం కింద పెట్టి చూపించింది. ఈ శనివారం సారు చూడకుండానే నమ్మమంటన్నాడు. రేపు నీ మనవడికి కూడా చెబుతాడు, నీ చేతులు ఇందుకే పుట్టాయిరా అని."

యేసుపాదం చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. ఆయనా ఒకప్పుడు కోతల మనిషే.

"దేవుడు మట్టితో చేశాడని చదివాను," అన్నాడు చివరికి. "పల్లెకొక మట్టి, ఊరికొక మట్టి అని ఎక్కడా చదవలేదు. నా సంతకం నేను వెనక్కి తీసుకుంటన్నా."

కొత్త అర్జీ రాసి తీసుకుపోతే హెచ్చెమ్ గారు తాకలేదు. అది నా చేతుల్లో లేదమ్మా, పైనుంచి వచ్చింది, అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. అలసిపోయినట్టే ఉన్నాడు ఆయన కూడా.

శనివారం ముఠా రోజంతా చేలో ఉండలేదు. తెల్లారగట్టే కాసేపు కోసి, కోసిన పండుకాయ కొంగుల్లో కట్టుకుని స్కూలుకు నడిచింది. ఆడవాళ్లంతా వచ్చి క్లాసులో గోడ వారగా కింద కూర్చున్నారు. తెర మీద పాట నడుస్తోంది. వారసత్వ విజ్ఞానం చెప్పే ఆయన పాట ఆపి, ఏమిటమ్మా ఇది, అన్నాడు.

"పాఠం వినడానికొచ్చామండి," అంది మహిమ. "మా చేతుల గురించి చెప్పారంట. మళ్లా చెప్పండి, మేమూ వింటాం."

ఆయన చెప్పలేదు. అది వేరే సందర్భమన్నాడు, పిల్ల సరిగా వినలేదన్నాడు. అప్పుడు షారోన్ లేచింది. ఈసారి చేతులు దాచుకోలేదు.

"పరీక్ష చేద్దాం సార్. ఒకే రకం కాయ, తమ ఇష్టంతో వచ్చినవాళ్లు. పల్లెవాళ్లు కొందరు, ఊళ్లోవాళ్లు కొందరు. ఎవరికి మండిద్దో చూద్దాం. బలవంతం లేదు."

మొదట లేచింది సాయిగణేష్. తాత మిరప అమ్మిన సొమ్ముతో పెరిగినవాడే గానీ ఎన్నడూ కాయ తుంచి ఎరగడు. వాడి వెనక ఊళ్లో పిల్ల శిల్ప వచ్చింది, తర్వాత మిగతావాళ్లు. మహిమ కొంగు విప్పింది. పిల్లలు తలా నాలుగు కాయలు చీల్చి, గింజలు దులిపి, చేతులు బల్ల మీద పెట్టి కూర్చున్నారు. మొహం ముట్టుకోవద్దని మహిమ ఒక్కొక్కరికీ చెప్పింది.

ముందు ఎవరికీ ఏమీ లేదు. కిటికీ బయట ట్రాక్టరు పోయింది. తర్వాత శిల్ప వేళ్లు ముడిచింది.

"మండుతోందిరోయ్," అన్నాడు సాయిగణేష్. "షారోన్, నీకు?"

"మండుతోంది."

"నాకూ అంతే."

ఇంక ఊరూ పల్లే తేడా లేకుండా అందరూ చేతులు విదిలిస్తూ నవ్వుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మౌలాబీ తెచ్చిన మజ్జిగ గిన్నె బల్ల మీదికి వచ్చింది. మహిమ ఒక కాయ తీసి సారు వైపు చాచింది.

"మీరూ చూడండి అయ్యా. ఒక్కటే."

ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

మహిమ ఆ చేతుల వంక చూసింది. పాలిచ్చేటప్పుడు తను పెట్టుకున్నట్టే పెట్టుకున్నాడు. తను బిడ్డ కోసం పెట్టుకుంది.

ఆ సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది. పంపు కింద చేతులు పెట్టి కళ్లు మూసుకున్న సాయిగణేష్. కింద రాత: చిన్నపిల్లల మీద కారం దాడి. నేను ఇష్టపడే చేశాను అని సాయిగణేష్ గ్రూపులో రాశాడు. రాసింది కాసేపట్లోనే మాయమైంది. వాడి చేతిలో ఫోను కూడా మాయమైంది.

సోమవారం మహిమ సాలు మధ్యలో ఉండగా జీపు వచ్చింది. ఆడ కానిస్టేబులు గట్టు మీద నిలబడి పేరు పిలిచింది. మహిమ కోసిన కాయ పట్టాలో పోసి, తలగుడ్డ విప్పి దులుపుకుని, నడిచింది. చేతులు కడుక్కోనివ్వమని అడిగింది. పదమ్మా, అక్కడ కడుక్కుందువు గాని, అన్నారు.

జీపు కదిలాక మౌలాబీ నడుం నిటారుగా చేసి, కొంగు బిగించి గట్టెక్కింది. కాయ కోస్తే కూలి అన్న ముసలామె ఆమె వెనకే గట్టెక్కింది. ఒక్కొక్కరే చేలోంచి బయటికి వచ్చారు. పట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాన పడితే పండుకాయ అంతా రంగు పోయి తాలు తిరుగుతుంది. భావనారాయణ మోటారు సైకిలు మీద వచ్చి రోడ్డుకు అడ్డం నిలబడ్డాడు. కూలి పెంచుతానన్నాడు. ఇంకా పెంచుతానన్నాడు.

"కూలి సంగతి తర్వాత మాట్లాడదాం బాబుగారూ, అదీ మాట్లాడాల్సిందే," అంది మౌలాబీ. "ముందు మహిమను ఇంటికి పంపించండి. తర్వాత టీచర్‌ని స్కూలుకు పంపించండి. అప్పుడు చేలోకి వస్తాం."

పక్కకు తప్పుకుని నడిచారు. పోలీసు స్టేషనున్న పర్చూరు దాకా ఎండ లేకపోయినా ఉక్క.

స్టేషన్లో రాతపని చూసే రైటరు మహిమను కేకేసి ముందు నిలబెట్టాడు. నేను చదువుకున్నానండి, సంతకం చేస్తాను, అంది ఆమె. సంతకంతో సరిపోదమ్మా, వేళ్లన్నీ కావాలి, అన్నాడు. ఆమె వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని సిరా రాసి కాగితం మీద దొర్లించాడు. గోళ్ల పక్కన చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. పదో వేలు అయ్యేసరికి ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. చెయ్యి కంటి దాకా పోయింది.

కుర్చీ వెనక్కి పడింది. కన్ను మూసుకుని, ఇంకో కన్నుతో ఆమెను చూశాడు.

"మండుతోందా బాబూ?"

"అబ్బ, ఏం కారమమ్మా ఇది," అన్నాడు.

"మాకూ అంతే," అంది మహిమ. "నీళ్లతో పోదు. మజ్జిగ తెప్పించుకో. రుద్దొద్దు."

ఆయన పంపు దగ్గరికి పరిగెత్తాడు. మహిమ బల్ల మీద కూర్చుంది. చాలా రోజుల తర్వాత పగటిపూట కూర్చోవడం. నడుము గోడకు ఆనించింది. కిటికీలోంచి ముఠా కనిపిస్తోంది. గేటు బయట నేల మీద కూర్చున్నారు. పల్లె మగవాళ్లు వచ్చారు. స్కూలు బట్టల్లో పిల్లలు వచ్చారు, ఊళ్లో పిల్లలు కూడా ఒకరిద్దరు. వెళ్లిపొమ్మని కానిస్టేబులు కర్ర ఊపుతున్నాడు. ఎవరూ లేవడం లేదు. లేచే ఓపిక లేనట్టు కూర్చున్నారు.

మధ్యలో షారోన్ నిలబడి అట్ట ఊడిన పుస్తకం చదువుతోంది. తీసేసిన పాఠం. ఒక జీవి నుంచి ఇంకో జీవి, తరం తర్వాత తరం, ఎలా మారాయో. ఏ మార్పూ ఎవరూ ముందే రాసిపెట్టింది కాదని.

యేసుపాదం ఆమెకు ఎదురుగా గొంతుకూచుని వింటున్నాడు. మొహంలో ఒప్పుకోలు లేదు. చెయ్యెత్తి ఆపాడు.

"ఆ ముక్క మళ్లీ చదువమ్మా," అన్నాడు. "నాకు సరిగా అర్థం కాలేదు. మెల్లిగా చదువు. మాకు వేరే పని లేదు."