కుడి గది: సాధారణం

ములూఖియా ఆకుకూర పులుసులో వెల్లుల్లి తాలింపు పోసేటప్పుడు ఇల్లాలు "హా...!" అంటూ గుండె నిండా గాలి పీల్చాలి. పీల్చకపోతే పులుసుకి రుచి రాదని, కైరోకి దూరంగా ఉన్న ఆ ఊళ్ళో ప్రతి అత్తా కోడలికి నేర్పే మొదటి పాఠం. ఆ శుక్రవారం సౌసన్ తాలింపు పోసింది, నోరు తెరిచింది. గాలి సగంలోనే ఆగిపోయింది. దగ్గు తెర ముంచుకొచ్చి, గరిటెతో సహా స్టూలు మీద కూలబడింది.

"ఇవాళ చచ్చిన ములూఖియా తినాలన్నమాట," అంది హజ్ యాత్ర చేసొచ్చి హాగ్గా అనిపించుకున్న అత్తగారు నఫీసా, గుమ్మంలోంచే. "ముప్పై ఎనిమిదేళ్ళకే ఈ ఆయాసాలేమిటే? నేనీ వయసులో నాలుగంతస్తులూ ఎక్కి దిగేదాన్ని కాదూ? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వ్యవహారం."

"వదిలెయ్యమ్మా," అన్నాడు సౌసన్ భర్త సబ్రీ, టీవీ ముందు నుంచి కదలకుండా. "నరాల బలహీనతని డాక్టరే చెప్పాడుగా. మంగళవారం ఆ లూప్ తీయించేస్తే, పిల్లాడు పుడితే, అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి."

ఇద్దరు ఆడపిల్లల తల్లి ఆమె. పెద్దదాని పేరుతో అందరూ ఉమ్మ్ రహ్మా, అంటే రహ్మా తల్లి, అని పిలుస్తారు. హాగ్గాకి అది పిలుపులా వినిపించదు, చనిపోయిన భర్త పేరు పెట్టుకోవడానికి మనవడు కావాలి. నెలరోజులుగా కంచం ముందూ, మంచం ముందూ అదే మాట. వద్దనడానికి కారణం చూపమంటారు. చూపడానికి ఆమె దగ్గర ఒక్క గుండె రిపోర్టు కాగితం ఉంది, అది కూడా వాళ్ళ పక్షమే మాట్లాడుతోంది. ఎనిమిది నెలలుగా మెట్లెక్కుతూ ప్రతి మలుపులోనూ ఆగి, ఎవరైనా చూస్తే తలకట్టు సర్దుకుంటున్నట్టు నటిస్తోంది. నా ఆయాసానికి నేనెందుకే సిగ్గుపడుతున్నాను అని ఒక్కోసారి తనని తానే తిట్టుకుంటుంది. పైకి వెళ్ళాక మళ్ళీ అంట్లు, ఉతుకులు, పిల్లల హోంవర్కు.

వింతేమిటంటే, ఆమె చేసే ఉద్యోగమే గుండెలు చూడటం. ఊళ్ళోని ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో పదకొండేళ్ళుగా పరీక్ష చేసేది ఆమె, సంతకం పెట్టేది డాక్టర్ మహరూస్. రెండు నెలల క్రితం ఆమెను మాత్రం ఆయనే స్వయంగా చూశాడు. అదీ ఇద్దరు పేషెంట్ల మధ్య, చెవికి ఫోను ఆనించుకుని, రెండే నిమిషాలు. "గుండె పంపు బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇంట్లో గొడవలు తగ్గించుకో," అన్నాడు.

శనివారం ఒక రైతు భార్య వచ్చింది. ఆమెకీ ఆయాసమే. నరాలని ఇద్దరు డాక్టర్లు తేల్చేశారట. పరీక్షయ్యాక రిపోర్టు కొడదామని సౌసన్ కంప్యూటర్లో ఫారం తెరిచింది. చివర్లో గుండె కుడివైపు గురించిన వరుస ముందే నింపి ఉంది. కుడి గది: సాధారణం. ఊపిరితిత్తుల రక్తపీడనం: సాధారణం.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ వరుస ఎప్పుడో తను పెట్టిందే. "జబ్బులన్నీ ఎడమ వైపే ఉంటాయి, కుడివైపు కొలుస్తూ కూర్చుంటే సాయంత్రానికి పదిమంది కూడా అవ్వరు," అని డాక్టరు కసిరితే, సరేనని ప్రతి ఫారంలోనూ ముందే ఉండేలా టైపు చేసి పడేసింది. సంచిలోంచి తన రిపోర్టు తీసింది. అక్షరం పొల్లు పోకుండా అదే వరుస. ఓరి దేవుడా, ఎవరూ కొలవలేదు! తన గుండె బాగుందని తనకి తనే, ఏళ్ళ కిందట, చూడకుండానే రాసి పెట్టుకుంది.

ముందు ఆ రైతు భార్యని మళ్ళీ పడుకోబెట్టి కుడివైపు కొలిచింది. ఆమెకి బాగానే ఉంది. ఆ అంకెలే వేసి పంపింది. సాయంకాలపు అసర్ నమాజుకని డాక్టరు వెళ్ళగానే నర్సు ఇనాస్‌తో తలుపు గడియ వేయించి, ఎడమవైపుకి తిరిగి పడుకుని, తన ఛాతీ మీద తనే పరికరం ఆనించుకుంది. తెర మీద కుడి గది ఉబ్బిపోయి ఉంది. మధ్య గోడని నెట్టి నెట్టి, గుండ్రంగా ఉండాల్సిన ఎడమ గదిని సగానికి నొక్కేసింది. కవాటం దగ్గర వెనక్కి తన్నుతున్న రక్తం వేగం కొలిచింది. సెకనుకి రెండు పాయింట్ ఎనిమిది మీటర్లు దాటకూడదు. నాలుగు పాయింట్ ఒకటి ఉంది.

"ఏమక్కా?" అంది ఇనాస్ భయంగా.

"మెట్ల మీద నా ఆయాసం నటన కాదే ఇనాస్," అంది సౌసన్. కళ్ళు నిండాయి. నిజం చెప్పాలంటే, భయం కంటే ముందు కలిగింది సంతోషమే.

కాలువ గుర్తొచ్చింది. అన్నదమ్ములు బడికి వెళ్తే, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఇంటి అంట్లన్నీ తోమిన ఏడేళ్ళు. ఆ నీటి పురుగులు చర్మంలోంచి ఒంట్లోకి దూరి, కాలేయం దాటి ఊపిరితిత్తుల్లోకి చేరి, అక్కడ పీడనం పెంచుతాయని చదువుకుంది. ఖాయంగా తేల్చాలంటే కైరోలో గుండెలోకి సన్నటి గొట్టం పంపి చూడాలి. కానీ ఈ పీడనంతో కడుపొస్తే తల్లి ప్రాణానికే ముప్పని తెలుసుకోవడానికి ఈ తెర చాలు.

డాక్టరు వచ్చి కాగితం చూసి మొహం చిట్లించాడు. "నిన్ను నువ్వే చూసుకున్నావా? ఎవరు నమ్ముతారమ్మా?"

"పదకొండేళ్ళుగా మీరు నమ్మి సంతకం పెట్టినవన్నీ ఈ చేతులు చూసినవే, డాక్టర్. కావాలంటే పరికరం తీసుకుని మీరే కొలవండి. ఈసారి ఫోను పక్కన పెట్టి."

ఆయన కొలిచాడు. అవే అంకెలు వచ్చాయి. తర్వాత పెన్ను తీసి, కడుపొస్తే ప్రాణానికి ముప్పని కింద రాసి, సంతకం పెట్టాడు. ఆయన ఎదురుగానే ఆమె ఫారంలోని ఆ వరుస చెరిపేసింది. నరాలని చెప్పి పంపేసిన ఆడవాళ్ళందరి ఫోను నంబర్లూ రిజిస్టర్లోంచి తీసిపెట్టమని ఇనాస్‌కి చెప్పింది.

ఆ సాయంత్రం ఇంటి మెట్లెక్కుతూ ప్రతి మలుపులోనూ మెట్టు మీద దర్జాగా కూర్చుంది. తలకట్టు ముట్టుకోలేదు.

పొయ్యి మీద నిన్నటి పులుసు మరుగుతోంది. "కొత్త తాలింపు వేయించాను," అంది హాగ్గా గిన్నె చేతికందిస్తూ. "ఇవాళైనా ఊపిరి పీల్చి పొయ్యవే. ఆవలెల్లుండి మంగళవారం డాక్టరమ్మ దగ్గరికి తొమ్మిదింటికల్లా వెళ్ళాలి, గుర్తుందా?"

సౌసన్ గిన్నె అందుకోలేదు. రిపోర్టు తీసి సబ్రీ ముందు బల్ల మీద పెట్టింది.

"మంగళవారం కైరో వెళ్తున్నాను, ఛాతీ ఆసుపత్రికి. లూప్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఇంకో కాన్పంటే నేను బతకను సబ్రీ, అందులో రాసుంది, చదువుకో."

"మరి నాన్న పేరు?" అన్నాడు సబ్రీ, కాగితం ముట్టుకోకుండానే.

ఆమె అతన్ని చూసింది, తర్వాత తాలింపు గిన్నెతో నిలబడిపోయిన అత్తగారిని.

"మీరే పీల్చి పోసుకోండి హాగ్గా," అంది. "నా ఊపిరి నాకే చాలడం లేదు."