‘వదులు’ అనేదాకా

మా ఇంటి ఆటలో నేను చెప్పిందే శాసనం. గొప్పకు చెప్పడం లేదు. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది. అయినా మొదటి నుంచి చెబుతాను, లేకపోతే నన్నెందుకు తిట్టాలో మీకు తెలియదు.

నా పేరు మంజులత. జడ్చర్లలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. మా ఆయన దయాకర్ మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగి, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో ఉండేది నేను, పదమూడేళ్ల మా బిడ్డ స్నిగ్ధ, మా అత్తమ్మ యాదమ్మ. ఆదివారం మధ్యాహ్నం మా మరిది గిరి వచ్చేస్తాడు. అన్నాలు తిని, బల్ల తుడిచి, ఆట మొదలుపెడతాం.

ఆటంటే క్యారమ్స్ కాదు, కథ. నేను కథ చెబుతాను: అడవి, వాగు, అవతల గట్టున దొంగలు. గిరీ స్నిగ్ధా అందులో యోధులు. ఏం చేస్తారో వాళ్లు చెప్పాలి, అది పారిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కొట్లాటంతా జంతువుల పట్లలోనే. ఆ పట్లన్నీ నేనే కూర్చుకుని నోటుబుక్కులో రాసుకున్నాను. కొంగ పట్టంటే ఒంటికాలి మీద నిలబడి, అదను చూసి ఒకే దెబ్బ. పిల్లి నడకంటే చప్పుడు లేకుండా వెళ్లి మీద పడడం, దానికి నాలుగు మార్కులు ఎక్కువ. అన్నిటికన్నా మా స్నిగ్ధకు ఇష్టమైనది ఎలుగు పట్టు. రెండు కాళ్ల మీద లేచి, చేతులు పైకెత్తి, ఇల్లదిరేలా బొబ్బ పెట్టాలి. పాచిక పన్నెండు దాటితే ఎదుటివాడు పారిపోతాడు.

నోటితో చెబితే ఒప్పుకోను, లేచి నిలబడి పట్టు చూపించాల్సిందే. నేను ‘మారు’ అని ఏ పట్టు పేరు చెబితే రెప్పపాటులో దానిలోకి మారాలి. నేను ‘వదులు’ అనేదాకా కదలకూడదు, పలకకూడదు. కదిలారా, ఓడినట్టే. గిరి ఎప్పుడూ తుమ్మి ఓడిపోతాడు. స్నిగ్ధ మాత్రం ముక్కు మీద ఈగ వాలినా కదలదు. మొండిఘటం, నా పోలికే.

అత్తమ్మ గడప దగ్గర చేటలో కందిపప్పు ఏరుకుంటూ ఇదంతా చూస్తూ ఉండేది. ఆమె పుట్టిల్లు మా జడ్చర్ల పక్కన బాలానగర్ వైపు గుట్టల్లో. ఒకరోజు ఉండబట్టలేక అనేసింది.

“ఏందే మంజులా, ఎలుగుకు ఎదురు నిలవడ్తరా ఎవరన్న? మా తమ్మునికి గట్లనే కన్ను వాయె.”

“మరేం చేయాలె అత్తమ్మా? దండం పెట్టాల్నా?” అన్నాను.

“బోర్ల పండాలె. మెడ మీద రెండు చేతులు బెట్టి, మొఖం మన్నుల దాసుకోవాలె. అది లేశి నిలవడేది కొట్టనీకి కాదు బిడ్డా, సూడనీకి. వాసన వట్టనీకి. మనం ఒర్లి బొబ్బ వెడ్తే అప్పుడొస్తది మీదికి.”

నాకు ఒళ్లు మండింది. ల్యాబ్‌లో అందరి మాటా పడాలి, ఇంట్లో ఈ ఒక్క బల్ల దగ్గరైనా నా మాట చెల్లొద్దా? పెన్ను తీసి అప్పటికప్పుడు రాసి పైకి చదివాను. “ఉడుము పట్టు. బోర్లా పడి నేలను కరుచుకోవడం. కొట్టే బలం సున్నా. పరువు సున్నా.” గిరి ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వాడు, స్నిగ్ధ బల్ల చరిచింది.

“నవ్వుండ్రి, నవ్వుండ్రి,” అని అత్తమ్మ మళ్లీ చేట అందుకుంది.

ఆ రోజు నుంచి ఉడుము పట్టు మా ఇంట్లో శిక్ష అయింది. స్నిగ్ధ పాచిక దొంగతనంగా తిప్పినా, నాకు ఎదురు చెప్పినా, “మారు! ఉడుము పట్టు!” అని అరిచేదాన్ని. అది దభీమని బోర్లా పడేది. మెడ మీద చేతులు, ముఖం బండల మీద. నాకు దయ కలిగాక ‘వదులు’ అనేదాన్ని. ఒకసారి టీ పెట్టుకుని తాగి వచ్చి మరీ అన్నాను.

దసరా సెలవుల్లో అత్తమ్మ పుట్టింటికి వెళ్లాం. సీతాఫలాల కాలం. పొద్దున్నే అత్తమ్మ, నేను, స్నిగ్ధ ఊరి వెనకాల గుట్టెక్కాం. పండ్ల సంచులు మోసుకుపోవడానికి గిరి కింద బాట మీద ఆటో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఊళ్లో గుట్టెక్కే పద్ధతి ఒకటి ఉంది. ముందు నడిచే మనిషి స్టీలు గిన్నె మీద గంటెతో కొడుతూ పోవాలి. వెనకాల వాళ్లు గట్టిగా మాట్లాడుకోవాలి. గుట్ట మీద ఎలుగు పేరెత్తరు, పెద్దాయన అంటారు. అత్తమ్మ ముందు నడుస్తూ, టంగు టంగుమని కొడుతూ, “వస్తున్నం పెద్దాయనా, నాలుగు పండ్లు తెంపుకొని పోతం” అని ఇంటిమనిషికి చెప్పినట్టు చెబుతోంది.

“గీ సప్పుడెందుకు అవ్వా?” అని అడిగింది స్నిగ్ధ.

“చెప్పకుంట ఒకరి ఇంట్లకు పోతమా బిడ్డా? ఎరుక జెయ్యాలె. ఎరుకైతే అదే పక్కకు జరుగుతది.”

వారం రోజుల ఆడిట్‌తో నాకు అప్పటికే తల పగిలిపోతోంది. ఆ గంటె దెబ్బ ఒక్కొక్కటీ సరిగ్గా నా కణతల మీద పడుతోంది. దారిలో పండ్లు తెంపి స్నిగ్ధ వీపు మీది సంచిలో వేస్తూ పది నిమిషాలు ఓర్చుకున్నాను. అంతే, ఇక నా వల్ల కాలేదు.

“అత్తమ్మా, జర ఆపుండ్రి ఆ గిన్నె! పండ్లు తెంపనొచ్చినమా, పెండ్లికొచ్చినమా?”

ఆమె తిరిగి చూసింది.  గంటెను గిన్నెలో పెట్టి చంకన పెట్టుకుంది. నా నోటికి మా ఇంట్లో అందరూ జడుస్తారు. అప్పుడది నాకు గెలుపులాగే అనిపించింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

గుట్ట ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. స్నిగ్ధ నా వైపు తిరిగి కన్ను కొట్టింది. “అమ్మా, పిల్లి నడక,” అని గుసగుసగా అని, మునివేళ్ల మీద ముందుకు జారుకుంది.

“పో, నాలుగు మార్కులు ఎక్కువ,” అన్నాను. ఆ మాట అన్నది నేనే.

మాకు నలభై అడుగుల ఎగువన పెద్ద రాతిగుండు ఉంది. స్నిగ్ధ దాన్ని చుట్టి అవతలికి అడుగు వేసి, అక్కడే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు అర్థం కాలేదు. పక్కకు జరిగి చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

స్నిగ్ధకు పది అడుగుల దూరంలో పుట్ట. పుట్టలో తల దూర్చి, మన్ను ఎగజిమ్ముతూ, నల్లగా, జడలు జడలుగా ఒకటి. బుసబుసమని పీలుస్తోంది. ఆ చప్పుడులో దానికి ఏమీ వినబడలేదు. పిల్లి నడక బాగా పారింది.

తల పైకి తీసింది. మూతి తెల్లగా, మన్ను కొట్టుకుని ఉంది. స్నిగ్ధను చూసింది. చూసి రెండు కాళ్ల మీద లేచింది. నా బిడ్డ కన్నా జానెడు ఎత్తు.

స్నిగ్ధ పరుగెత్తలేదు. ఏం చేసిందో తెలుసా? చేతులు పైకెత్తింది. రెండు కాళ్లూ ఎడంగా పెట్టింది. నేను ఆదివారం ఆదివారం దిద్ది దిద్ది నేర్పిన ఎలుగు పట్టు, వీసమెత్తు తప్పు లేదు. ఊపిరి బిగబట్టి రొమ్ము నింపుకుంటోంది. తర్వాత వచ్చేది బొబ్బ.

 ఉరకబోయాను. అత్తమ్మ నా జబ్బ పట్టుకుంది, ఆ ముసలి చేతికి అంత బలం ఎక్కడిదో!

“ఉరక్కు! ఉరికితే పోరి మీద వడ్తది. అది సూస్తాంది, ఊకెనే సూస్తాంది. పోరి ఒర్లొద్దు. ఒర్లొద్దని జెప్పు!”

ఎలా చెప్పాలి? ‘అరవకు బిడ్డా, నేను రాసింది తప్పు, మీ అవ్వ చెప్పిందే నిజం’ అని ఎప్పుడు చెప్పాలి?  నా నోట్లోంచి అలవాటైన మాట ఒక్కటే బయటికి వచ్చింది.

“స్నిగ్ధా! మారు! ఉడుము పట్టు!”

దభీమని పడింది. గులకరాళ్ల మీద, ముళ్ల మీద, బోర్లా. మెడ మీద రెండు చేతులు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నా తల్లి.

ఎలుగు నాలుగు కాళ్ల మీదికి దిగింది. దిగి, ముందుకే వచ్చింది. దాని గోళ్లు బండ మీద గీసుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. వచ్చి స్నిగ్ధను వాసన చూసింది. తల దగ్గర, చంక దగ్గర, వీపు మీది సంచి దగ్గర. పంజాతో ఒక్క గుంజు గుంజింది. సంచి చినిగి పండ్లు దొర్లాయి. చొక్కా చినిగింది. తెల్ల చొక్కా భుజం దగ్గర ఎర్రబడింది. స్నిగ్ధ కదలలేదు, మూలగను కూడా లేదు.

నేను నా చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. దేవుడా, నన్ను తిను, నన్ను తిను అని మొక్కాను.

అప్పుడు నా పక్కన టంగుమంది. అత్తమ్మ గిన్నె బయటికి తీసింది. తొందరపడకుండా, అదే వరసలో, టంగు, టంగు. “పోతున్నం పెద్దాయనా. చిన్నపోరి. ఎరుకలేక వచ్చింది. పోతున్నం. నువ్వు గూడ పో.” గొంతు వణకలేదు. 

ఎలుగు తలెత్తి మా వైపు తిరిగింది. మూతి ఇటూ అటూ ఊపింది. తర్వాత ఏమీ జరగనట్టే గుండ్ల సందులోకి వెళ్లిపోయింది.

బిడ్డ దగ్గరికి ఎలా చేరానో తెలియదు. “స్నిగ్ధా! అమ్మా! పోయిందిరా, లే!” కదలలేదు. భుజం మీంచి రక్తం కారి మట్టిలో కలుస్తోంది. వెల్లకిలా తిప్పబోతే చేతులు మెడ దగ్గర తాళం వేసినట్టు బిగుసుకుని ఉన్నాయి. పిలిచాను. ఊపాను. ఊపిరి ఉందో లేదో నా వణుకులో తెలియడం లేదు. పోయింది, చంపుకున్నాను, నా ఆటతో నా బిడ్డను నేనే చంపుకున్నాను అని నెత్తి కొట్టుకున్నాను.

అత్తమ్మ గిన్నె పక్కన పెట్టి నా పక్కన కూలబడింది.

“నువ్వు ఇంక ‘వదులు’ అనలేదు గద బిడ్డా,” అంది. “ఆటల అంటవు సూడు. అను.”

దాని చెవి దగ్గరికి వంగాను. 

“వదులు.”

వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. మట్టి కొట్టుకున్న ముఖం పక్కకు తిప్పి, “గెలిచిన్నా?” అని అడిగింది నా బిడ్డ. అడిగి, అప్పుడు భోరుమని ఏడ్చింది.

నా అరుపులు విని పైకొచ్చిన గిరి దాన్ని భుజాన వేసుకుని కిందికి దించాడు. పాలమూరు దవాఖానలో పదకొండు కుట్లు, సూదులు. ప్రాణానికి ఫికర్ లేదన్నారు. స్నిగ్ధను బోర్లా పడుకోబెట్టారు. సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. గిరి స్పీకర్‌లో పెట్టాడు.

“ఎట్లయిందమ్మా? మీరు గిన్నె గొట్టుకుంటనే పోతరు గద? సప్పుడుంటే రాదంటవు గద నువ్వు?”

“నా చెయ్యి నొస్తే నేనే ఆపిన కొడుకా,” అంది అత్తమ్మ. రెప్ప వేయకుండా అంది. “ముసలిదాన్నయితి గద.”

నేను తల వంచుకున్నాను. ఎలుగును చూసినప్పుడు కూడా ఇంత భయపడలేదేమో. నోరు మూసుకుంటే చాలు, గండం గడిచినట్టే. తప్పు ఆమె మోస్తానంటోంది, మోయనివ్వొచ్చు. మంచం మీద స్నిగ్ధ చెంప దిండుకు ఆనించి నన్నే చూస్తోంది. గిన్నె ఎవరు ఆపించారో దానికి తెలుసు, నా అరుపు విన్నది కదా. అది ఏమీ అనలేదు. నేను చెప్పేదాకా పలకకూడదని నేర్పించింది నేనే.

“నేను ఆపిచ్చిన,” అన్నాను. “తల నొస్తాందని అత్తమ్మ మీద ఒర్లి ఆపిచ్చిన. పిల్లి నడకకు మార్కులిచ్చి పోరిని ముందలికి తోలింది గూడ నేనే.”

 గిరి గోడ వైపు చూస్తున్నాడు. 

అత్తమ్మ వంగి ఫోన్ దగ్గరికి నోరు పెట్టింది. “ఇన్నవు గద. తిట్టేదుంటే వచ్చినంక తిట్టు. ఇప్పుడు బస్సెక్కు,” అని కట్ చేయమని గిరికి సైగ చేసింది. తర్వాత కొంగు ముడి విప్పి, గుట్ట మీద దొర్లిన పండ్లలోంచి ఎప్పుడు ఏరుకుందో ఏమో, ఒక సీతాఫలం తీసింది. రెండుగా విప్పి, సగం స్నిగ్ధ నోటికి అందించి, సగం నా చేతిలో పెట్టింది.

“తిను,” అంది. “పొద్దుగాల్నుంచి ఏం దినలే నువ్వు.”