'మి' అంటే నేను

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఇది: స్నానం చేయిస్తుండగా ఏదో ఒక రోజు పాప చేతుల్లోంచి జారిపోతుంది, జారినా తనకేమీ అనిపించదు. జారడం కాదు అసలు భయం. అనిపించకపోవడం.

అందుకే రోజూ పొద్దున టబ్బులో నీళ్ల వేడి మోచేత్తో రెండుసార్లు చూసి, పాప మెడ కింద చెయ్యి పెట్టాక, పైకి ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. నోరు ఆడుతున్నంతసేపూ చేతులు మెలకువగా ఉంటాయని ఆమె నమ్మకం. ఈ మధ్య ఆ నోటికి ఇటాలియన్ పాఠం దొరికింది. టబ్బు పైన గోడకు అంటించిన కాగితం మీద తెలుగు అక్షరాల్లోనే రాసి పెట్టుకుంది: మి లావో, మి వెస్తో, మి పెత్తినో. ఒళ్లు కడుక్కుంటాను, బట్టలు వేసుకుంటాను, తల దువ్వుకుంటాను.

"ఏంటే ఆ మీ, తీ, సీ? మేకపిల్లని గానీ పెంచుతున్నావా?" అద్దం ముందు గడ్డం గీసుకుంటూ భర్త నవ్వాడు.

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "పిల్లకి పాలు పట్టడం చేతకాలేదు గానీ, పరాయి భాష పట్టుబడుతుందట! తొమ్మిదో తరగతి తప్పినదానికి ఎన్ని వేషాలో."

తప్పలేదు, తప్పించారు. అమ్మ మంచాన పడితే ఇల్లు చూసుకోవడానికి ఒకరు కావలసివచ్చి, ఆమె పుస్తకాల సంచీని అటక ఎక్కించారు. ఈ మాట ఆమె లోపలే అనుకుంటుంది. పైకి అంటే ఇంకో పూటంతా దాని మీదే నడుస్తుంది.

క్లాసుకు పంపిస్తున్నది కూడా ఆమె ముచ్చట తీర్చడానికి కాదు. ఇటాలియన్ పరీక్ష పాసైన కాగితం చూపిస్తేనే ఈ దేశంలో ఉండనిస్తారు. అందుకని గురువారం గురువారం గంటన్నర సేపు ఆమెను వదులుతారు. లైబ్రరీ పై అంతస్తులో గది, పదకొండు కుర్చీలు, రిటైరైన పంతులమ్మ ఒకావిడ. పంతులమ్మ దగ్గర గుడ్డబొమ్మ ఒకటి ఉంది. బొమ్మ చెంప రుద్ది "లావో" అంది. తన చెంప రుద్దుకుని "మి లావో" అంది. బొమ్మ తల దువ్వింది, తన నెరిసిన తల దువ్వుకుంది.

ఓహో, ఇది మన 'కొను'యే కదా, అనుకుంది ఆమె. వండితే ఇంకొకరికి, వండుకుంటే తనకు. అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది. కానీ అర్థమైనంత సులువుగా నాలుక తిరగలేదు. వాళ్లకు 'మి' అంటే నన్ను నేను. ఆమె చెవికి మాత్రం అది 'మీ'యే. మీ గిన్నెలు, మీ చొక్కాలు, మీ అమ్మగారి మాత్రలు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తనది కానిదానికి వాడిన మాట ఒక్కసారిగా తనదెలా అవుతుంది? పెదవుల దాకా వచ్చిన 'మి' అక్కడే రాలిపోయేది.

పొద్దున లేచాక ఏం చేస్తారో రాసుకు రమ్మని ఇంటిపని ఇస్తే, లావో, వెస్తో, పెత్తినో అని రాసుకెళ్లింది. పంతులమ్మ ప్రతి వరస ముందూ ఎర్ర సిరాతో 'మి' చేర్చింది. పేజీ నిండా ఎర్రచీమలు బారులు తీరినట్టుంది. నిజానికి ఆ పేజీలో తప్పేమీ లేదు. కడిగింది, తొడిగింది, దువ్వింది, అన్నీ పాపకే. తన తలలో దువ్వెన పడి నాలుగు రోజులైంది.

ఆ రోజు నుంచి ఇంట్లో 'కొను'లు ఏరడం ఆమెకు జబ్బులా పట్టుకుంది. భర్త గీసుకుంటాడు, వేసుకుంటాడు, పెట్టించుకుంటాడు, పడుకుంటాడు. మరి తనకో? పెళ్లయిన దగ్గర్నుంచి అందరూ కలిసి ఇచ్చినవి మూడే మూడు. సర్దుకో. ఓర్చుకో. నోరు మూసుకో. ఫోన్లో అమ్మ కూడా, "అందరం కన్నవాళ్లమేనే తల్లీ, కొన్నాళ్లు ఓర్చుకో" అంది. ఒకసారి ధైర్యం చేసి, "నాకేం బాగుండట్లేదండీ" అని భర్తతో అంటే, అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పాప బానే ఉంది కదా, ఇంకేంటి?"

గురువారం క్లాసులో పంతులమ్మ ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. "కోమె తి సెంతి?" ఎలా ఉన్నారు, మీకెలా ఉంది లోపల, అని.

ఆమె వంతు వచ్చింది. "సెంతో..." అంది. 'మి' మళ్లీ రాలిపోయింది. "సెంతో లా బంబీనా."

వెనక కుర్చీలో టాక్సీ డ్రైవరు ఫక్కున నవ్వాడు. పంతులమ్మ దగ్గరకొచ్చి, చెవి మీద వేలు పెట్టి "సెంతో" అంది. గుండె మీద చెయ్యి పెట్టి "మి సెంతో" అంది. 'మి' లేకపోతే అది ఉత్త వినడం. నాకు పాప వినిపిస్తుంది, అని చెప్పిందన్నమాట ఆమె. అదీ నిజమే. పాప నిద్రపోతున్నప్పుడూ ఆ ఏడుపు కుళాయిలో వినిపిస్తుంది, ఫ్రిజ్ మోతలో వినిపిస్తుంది.

పంతులమ్మ సాయం చేయబోయింది. "బేనె? మాలె?" బాగానా, బాగోలేదా?

పదిమంది చూస్తున్నారు. "మి సెంతో బేనె" అంది ఆమె. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ భాషలో ఆమె చెప్పిన, ఒక్క తప్పూ లేని మొదటి వాక్యం. అందులో ఒక్క నిజమూ లేదు.

మర్నాడు పొద్దున టబ్బు దగ్గర ఆ వాక్యమే అనబోయి, రెండో మాట తర్వాత ఆగిపోయింది. ఆ తర్వాతి మాట రాలేదు. నోరు ఆగింది. పాప గడ్డం నీళ్లను తాకింది, పెదవులను నీళ్లు అందుకున్నాయి. ఆమె చూసింది. అంతే, చూసింది. పాప దగ్గితే చేతులు వాటంతటవే పైకెత్తాయి. గుక్కపట్టిన పాపను తువ్వాలులో చుట్టి, రావలసిన బస్సు కోసం ఎదురుచూసినట్టు, భయం కోసం ఎదురుచూసింది. అది రాలేదు.

"ఏమైందే?" బయటి నుంచి అత్తగారు.

"ఏం లేదండీ."

గోడ మీది కాగితం అంచు చింపి రాసింది: మి సెంతో మాలె. నాకు బాగోలేదు. మడిచి నోటుపుస్తకంలో పెట్టింది. వచ్చే గురువారం పంతులమ్మకు చెప్పాలి. సొంత భాషలో చెప్తే ఎవరికీ అర్థం కాని మాట, నిన్నగాక మొన్న నేర్చుకున్న భాషలోనైనా ఒకరికి అర్థమవుతుందేమో. ఐదు రోజులు పెదవులు కదలకుండా వల్లె వేసింది.

బుధవారం పాపకు ముక్కు కారింది. "రేపు క్లాసూ లేదు గీసూ లేదు. వచ్చే నెల చూద్దాంలే, సర్దుకో" అంది అత్తగారు. "అమ్మ చెప్పిందీ నిజమేగా" అన్నాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

గురువారం లైబ్రరీ పైగదిలో పంతులమ్మ రెండుసార్లు ఆమె పేరు పిలిచి, హాజరు పట్టీలో అడ్డగీత గీసింది.

మీరెవరైనా అటుగా వెళ్తే, ఒక్కసారి చూసి రండి. లైబ్రరీ వెనక సందు, మూడో అంతస్తు, ఎడమచేతి తలుపు. బెల్లు పనిచేయదు, గట్టిగా తట్టాలి. అత్తగారు తలుపు తీసి పాప బాగుందని చెబుతుంది. పాప బాగానే ఉంటుంది. మీరు కోడల్ని పిలవమనండి. ఎలా ఉన్నావమ్మా అంటే, బాగున్నాను అంటుంది, ఒక్క తప్పూ లేకుండా. రెండోసారి అడగండి.