తెలీదని చెప్పిన డాక్టరు

నేను ఒక చెక్క స్టెతస్కోపును. జానెడు గొట్టాన్ని. ఇప్పుడు ఒక వైద్య కళాశాల అద్దాల బీరువాలో తీరిగ్గా ఉన్నాను. నన్ను మద్రాసులో ఒక వడ్రంగి మలిచాడు.

మొదట కొన్న డాక్టరుకు తెలియనిదంటూ లేదు. జబ్బు పేరు ముందే చెప్పేసి, తర్వాత మర్యాదకు నన్ను రొమ్మున ఆనించేవాడు. రోగులు ఆయన్ని దేవుడనేవారు. ఆయన పోయాక, శిష్యుడు విశ్వపతి గారి చేతికి వచ్చాను.

విశ్వపతి గారు ఉత్తరాంధ్ర తీరంలో ఒక ఊరి ఆసుపత్రిలో చేరారు. అక్కడి పెద్ద డాక్టరు సీమ నుంచి ఓడ మీద కొత్త ఇంజెక్షను తెప్పించాడు.

"బీదల వార్డులో వేసి చూడండి. బలం మందని చెబితే చాలు," అన్నాడు.

ఆ వార్డులో చేపలమ్ముకునే పోలమ్మ ఎంతకీ విడవని జ్వరంతో పడి ఉంది. చెల్లెలు నూకాలు పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది. విశ్వపతి గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"పోలమ్మా, ఇది కొత్త మందు. ఇక్కడ ఇంకా ఎవరికీ వేయలేదు. జ్వరం తగ్గచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. వద్దంటే పాత మందే ఇస్తాను."

"మీ యమ్మకైతే ఏస్తారా, బాబూ?"

ఆయన నన్ను ఒళ్ళో పెట్టుకున్నారు. "తెలీదమ్మా," అన్నారు.

అక్కచెల్లెళ్ళు ఆ రాత్రి మాట్లాడుకున్నారు. పొద్దున్నే పోలమ్మ నీరసంగా నవ్వింది. "తెల్దని సెప్పిన డాట్రుబాబుని ఇప్పుడే సూత్తన్నాను. ఏసెయ్యండి."

మందు పనిచేయలేదు. నా చివర ఆమె గుండె చప్పుడు ఆగిపోయాక కూడా ఆయన చెవి తీయలేదు. ఎన్నో చెవులు ఎరుగుదును, అంత బరువుగా ఆనుకున్న చెవి మరొకటి లేదు.

సంగతి తెలిసి మిగతా రోగులు ఇంజెక్షను వద్దన్నారు. పెద్ద డాక్టరు మండిపడ్డాడు. "ఒకరికి చెబితే అందరూ అడుగుతారయ్యా."

"అడగనివ్వండి," అన్నారు విశ్వపతి గారు. దాంతో ఉద్యోగం పోయింది.

ఇంటి అరుగు మీదే వైద్యం మొదలుపెట్టారు. చాలా రోజులు ఎవరూ రాలేదు. మొదట వచ్చింది నూకాలు, చంకలో దగ్గుతున్న కూతురితో. ఆమెను చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

"నా దగ్గరికే తెచ్చావా, నూకాలూ?"

"మా యప్ప పోలమ్మకి నిజం సెప్పినోరు మీరొక్కరే, బాబూ. దీనికీ నిజమే సెప్పండి."

ఆయన నన్ను పాప రొమ్మున ఆనించి, ఊపిరి బిగబట్టి విన్నారు. వీపు మీద కూడా విన్నారు.

"జలుబేనమ్మా. భయం లేదు."

ఆమె రెండో మాట అడగలేదు. పాపను భుజానేసుకుని వెళ్ళిపోయింది.