ముప్పై రోజులు బయట

సైపాన్‌లో నేను ఇరవయ్యారేళ్ళున్నాను. ఆ మాట ఎవరితో అన్నా, "అయితే నువ్వూ ఆ దీవి మనిషివే అయిపోయావన్నమాట" అంటారు. కాలేదు. కాలేదని ప్రభుత్వమే నాకు కాగితం మీద రాసిచ్చింది.

సైపాన్ పసిఫిక్ సముద్రంలో అమెరికా ఏలుబడిలో ఉన్న దీవి. కొత్త చట్టం వచ్చాక మాలాంటి పరాయి పనివాళ్ళకి పర్మిట్ రెండుసార్లు పొడిగిస్తారు. ఆ తర్వాత దీవి వదిలి ముప్పై రోజులు బయట ఉండాలి. అవి పూర్తయితేనే మళ్ళీ దరఖాస్తు. మావాళ్ళు దాన్ని టచ్‌బ్యాక్ అంటారు. చిన్నపిల్లల ఆటలో గోడ ముట్టుకుని వెనక్కి పరిగెత్తుకొస్తారే, అదన్నమాట. ఆ ఆటలో ముట్టుకోవడానికి గోడైనా ఉంటుంది. నేను పుట్టిన ఫిలిప్పీన్స్‌లో నాకేముంది? అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళు. తమ్ముడు పోయి ఆరేళ్ళు. వాడి భార్య ఇల్లమ్మేసి మనీలా చేరింది. నేను పెళ్ళి చేసుకోలేదు. చట్టం రాసిన దొరలు మాత్రం "స్వదేశానికి వెళ్ళవలెను" అని ఒక్క ముక్కలో తేల్చిపారేశారు.

సైపాన్‌లో శాన్ విసెంటే అనే ఊళ్ళో తాన్ ఇగ్నాసియాని చూసుకోవడం నా పని. అక్కడ పెద్దావిడల్ని తాన్ అని పిలుస్తారు. ఆవిడకి ఎనభై తొమ్మిదేళ్ళు. ఆవిడకి స్నానం చేయించడం, జడ వెయ్యడం, మాత్రలు మింగించడం, తిట్లు తినడం, పదకొండేళ్ళుగా అన్నీ నావే.

ఒకప్పుడు ఆవిడ పేరున్న తేచా. చావు జరిగిన ఇంట్లో తొమ్మిది సాయంత్రాలు జపమాల చెప్పించే ఆడమనిషిని తేచా అంటారు. ప్రతి ప్రార్థనలో మొదటి సగం తేచా చెబుతుంది, రెండో సగం కూర్చున్నవాళ్ళు అందుకుంటారు. అంతా వాళ్ళ చమోరో భాషలోనే. కాళ్ళు పడిపోయాక ఆవిడని కుర్చీబండిలో తోసుకుంటూ చావు ఇళ్ళకి తీసుకెళ్ళేదాన్ని. గొంతు కూడా పోయాక, ఆవిడ పక్కన కూర్చుని నేనే చెప్పేదాన్ని. మాట తప్పు పలికితే తొడ మీద గిల్లేది. ఎన్నిసార్లు గిల్లించుకున్నానో నాకే తెలుసు! చివరికి ఊళ్ళో కుర్రకారుకి రాని ప్రార్థనలన్నీ నాకు నోటికొచ్చాయి. ఎవరింట్లో చావు జరిగినా, "ఇగ్నాసియా గారి పిల్లని పిలవండి" అనేవాళ్ళు. యాభై ఎనిమిదేళ్ళ పిల్లని.

"ఒసే పెర్లా, నేను పోయినప్పుడు నువ్వే చెప్పించాలి" అందోరోజు తాన్. గొంతంటే గుసగుసే. "మావాళ్ళని నమ్మను. ఈ డెటా ఫోన్లో చూసి చదువుద్ది. మధ్యలో ఎవరన్నా ఫోన్ చేస్తే దేవుణ్ణి ఆపి మాట్లాడుద్ది."

డెటా ఆవిడ కూతురు. పక్కనే ఉన్న వంటింట్లోంచి అరిచింది. "నాకు వినపడుతోందమ్మా!"

"వినపడాలనే అన్నాను" అంది తాన్. చెప్పిస్తానని నేను మాటిచ్చాను.

ప్రయాణం దగ్గరపడ్డాక ఏజెన్సీ నడిపే మార్సెలా నన్ను ఆఫీసుకి పిలిచింది. మమ్మల్ని ఇళ్ళకి పనికి పంపేది ఆవిడే. "చూడు పెర్లా, పర్మిట్లు ఏటికేడు తగ్గించేస్తున్నారు. ఉత్తినే పేరు పెడతానంటే కుదరదు. ఆ ఇంట్లో పనుంటేనే నీ దరఖాస్తు. పెద్దావిడ ఒంట్లో బాగానే ఉందిగా?"

"రాయిలా ఉందండీ" అన్నాను.

అబద్ధం. అప్పటికి రెండు వారాలుగా జావ తప్ప ఏమీ దిగడం లేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే ఆవిడ తల దువ్వుతూ అన్నాను. "ముప్పై రోజులే తాన్. నేనొచ్చేదాకా పోనని ఒట్టెయ్యండి."

"చావుకి సెలవు చీటీ రాసివ్వాలటే?" అని నవ్వింది. ఒట్టు మాత్రం వెయ్యలేదు.

మా ఊరు సమార్ దీవిలో కత్‌బలోగన్. బియ్యం కొట్టు మీద గది అద్దెకి తీసుకున్నాను. ఇంటావిడ పేరు మానా సోలింగ్. మెట్ల మీదే నిలదీసింది.

"ఎవరింటికొచ్చావమ్మా?"

"ఎవరింటికీ కాదండీ."

"మరి దేనికొచ్చినట్టు?"

"పొమ్మన్నారు, వచ్చాను."

"ఎవరూ, మొగుడా?"

"అమెరికా వాళ్ళు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నెల అద్దె ముందే ఇమ్మంది. బజారుకెళ్తే చేపలమ్మే అమ్మాయి నా మాట విని, "ఏ ఊరు ఆంటీ మీది?" అని అడిగింది. ఇక్కడే పుట్టానని చెబితే నమ్మలేదు. నా భాష నా నోట్లోనే యాస మారిపోయింది. ఒకప్పుడు మేమున్న వీధికి వెళ్ళి చూశాను. మా ఇంటి స్థలంలో మోటారుసైకిళ్ళ షెడ్డుంది. షెడ్డువాడు బండి బాగుచేయించుకోవాలా అని అడిగాడు. లేదని చెప్పి తిరిగొచ్చేశాను.

గదికొస్తే పలకరించే దిక్కు లేదు. పదకొండేళ్ళుగా పొద్దున్న ఆరింటికల్లా ఒకావిడ నన్ను పేరు పెట్టి పిలిచేది. ఇప్పుడు ఆరింటికి మెలకువొస్తుంది. ఎవరూ పిలవరు. మంచం మీద కూర్చుని తెల్లగోడ చూస్తూ ఉండేదాన్ని. ఒంటరితనం నాకు కొత్త కాదనుకున్నాను. చేతినిండా పని ఉన్నప్పటి ఒంటరితనం వేరు, ఇది వేరు.

రోజూ డెటాకి ఫోన్ చేసేదాన్ని. తొమ్మిదో రోజున, "నీళ్ళు కూడా మింగట్లేదక్కా" అంది. ఆ రోజు ప్రార్థన చేశాను. దేవుడికి తెలియనిదేముంది, అందులో సగం ఆవిడ కోసం, సగం నా కోసం. ఇంకో ఇరవయ్యొక్క రోజులు బతికించు స్వామీ అన్నాను. నొప్పి లేకుండా తీసుకుపో అని అడగాల్సిన మనిషి కోసం, ఈడ్చుకుంటూ అయినా ఉంచు అని అడిగాను. సిగ్గుపడ్డాను. అయినా మర్నాడు మళ్ళీ అదే అడిగాను.

పన్నెండో రోజు తెల్లారుతుండగా ఆవిడ పోయింది.

డెటా ఏడుస్తూ చెబుతోంది. నాకు మొదట ఏడుపు రాలేదు. మొదట వచ్చింది పర్మిట్ ఆలోచన. నా మీద నాకే అసహ్యమేసింది. ఆ తర్వాత ఏడ్చాను. ఎంత ఆవిడ కోసమో, ఎంత నా కోసమో విడదియ్యలేకపోయాను.

"నువ్వు అమ్మకి మాటిచ్చావక్కా" అంది డెటా.

"ఎలా వచ్చేదే? వీసా లేదు. విమానం ఎక్కనివ్వరు."

"ఫోన్ పెడతాను. నువ్వు అక్కణ్ణుంచి చెప్పు, మేం ఇక్కడ అందుకుంటాం."

అక్కడ జపం రాత్రి ఏడింటికి, అంటే మాకు సాయంత్రం ఐదు. పక్కింట్లో పాటల మిషన్ అప్పుడే మొదలవుతుంది. కింద ఆటోల మోత. కిటికీ మూసి, తలుపు సందులో దుప్పటి కుక్కి, జపమాల పట్టుకుని మంచం మీద కూర్చునేదాన్ని. వాళ్ళమ్మ ఫొటో పక్కన, తేచా కూర్చునే కుర్చీలో ఫోన్ పెట్టానని డెటా చెప్పింది. నేను నా సగం చెప్పేదాన్ని. నా మాట అక్కడికి చేరి, వాళ్ళ జవాబు తిరిగి రావడానికి ఒక్క క్షణం పట్టేది. ఆ క్షణంలో ప్రతిసారీ లైను పోయిందేమోనని ఫోన్ వంక చూసుకునేదాన్ని. అంతలో యాభై గొంతులు ఒక్కసారిగా వచ్చేవి. వాటిల్లో నాకు తెలిసిన గొంతుల్ని ఏరుకునేదాన్ని. దగ్గేది హువాన్, చర్చిలో గంట కొట్టే మనిషి. అందరికంటే వెనకబడేది ఎదురింటి కార్మెన్. ఆ గంటసేపు నేను సైపాన్‌లోనే ఉన్నాను. మిగిలిన ఇరవైమూడు గంటలూ ఎక్కడున్నానో నాకే తెలీదు.

జపం మొదలైన ఐదో రోజు మధ్యాహ్నం మార్సెలా ఫోన్ చేసింది.

"ఏమీ అనుకోకు పెర్లా. పెద్దావిడే పోయాక ఆ ఇంటి పని లెక్కలోకి రాదు. నీ దరఖాస్తు పెట్టలేను."

"ఇంకే ఇల్లయినా చూడండి మార్సెలా గారూ. మంచం పట్టినవాళ్ళైనా సరే. తిట్టేవాళ్ళైనా సరే."

"ఉన్న పర్మిట్లు ఉన్నవాళ్ళకే చాలట్లేదు. వచ్చే ఏడు చూద్దాం."

"నా సామానంతా అక్కడే ఉందండీ."

"డెటాని పంపమను. మంచిదేగా, పంపుద్ది."

ఇరవయ్యారేళ్ళు అలా తేలిపోయాయి. ఆ సాయంత్రం ఐదింటికి మళ్ళీ జపమాల పట్టుకున్నాను. నాకు తిరిగి వెళ్ళడానికి ఉన్న ఒక్క దారీ ఎవరి ప్రాణంతో మూసుకుపోయిందో ఆవిడ ఆత్మశాంతికి ప్రార్థన చెప్పాలి. కోపమొచ్చింది. ఆవిడ మీద కాదు. కాదనుకుంటా. ఒక చోట మాట తప్పాను. గిల్లేవాళ్ళు లేరు. డెటాకి చెప్పలేదు. చావు ఇల్లు కదా, వాళ్ళ ఏడుపు వాళ్ళకుంది.

తొమ్మిదో రోజు ఎప్పుడూ పెద్దది. ప్రార్థన అయ్యాక ఊరంతటికీ భోజనాలు. ఆ రోజు నా గొంతు నేనే నమ్మలేనంత బాగా పలికింది. చివరి ప్రార్థనకి వాళ్ళ జవాబు కూడా అంత గట్టిగానే వచ్చింది. అయిపోయాక డెటా ఫోన్ అందుకుంది.

"ఎంత బాగా చెప్పావక్కా! హువాన్ మామ కూడా ఏడ్చేశాడు. ఇదిగో, సంవత్సరీకానికి కూడా నువ్వే చెప్పాలి. ఇలాగే ఫోన్లో పెట్టేద్దాం."

దరఖాస్తు సంగతి చెబుదామని నోరు తెరిచాను. డెటా నన్ను అడగలేదు, ఎప్పుడొస్తున్నావని. ఫోన్లో ఉండటమే నా పద్ధతన్నట్టు మాట్లాడింది.

"డెటా, ఒక సంగతీ..."

"ఒక్క నిమిషం అక్కా, అన్నం గిన్నె ఎక్కడో కనపడట్లేదంట" అని ఫోన్ కుర్చీలో పెట్టేసి వెళ్ళింది.

లైను అలాగే ఉంది. నేనూ చెవికి ఆనించుకుని అలాగే ఉన్నాను. కుర్చీలు జరుపుతున్నారు. పళ్ళేలు అందిస్తున్నారు. మాంసంలో నిమ్మరసం ఎక్కువైందని ఎవరో, తక్కువైందని ఎవరో. పిల్లలు పరిగెత్తుతుంటే కార్మెన్ కసురుతోంది. నవ్వులు. తొమ్మిది రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వులు విని నాకు సంతోషమేసింది, నిజం. చాలాసేపు విన్నాను.

అంతలో ఒక ఆడగొంతు దగ్గరగా వినపడింది. నాకు తెలియని గొంతు.

"ఇక్కడెవరైనా కూర్చున్నారా?"

"లేదులే, ఉత్త ఫోను. తీసి పక్కన పెట్టి కూర్చో" అంది డెటా.

లైను పోయింది. కాసేపాగి నేనే మళ్ళీ చేశాను. ఎవరూ ఎత్తలేదు. భోజనాల వేళ కదా.